ఖర్చు లేని సేద్యపు చదువు

(ప్రత్తి, మిరప రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను చెప్పబోయేది కొత్త వంగడమును గురించి కాదు, కొత్త ఎరువును గురించీ కాదు. సేద్యపు జ్ఞానము మనకు ఎక్కడినుండి వస్తున్నది, దానికి మనము ఎంత వెల చెల్లిస్తున్నాము అన్నదే నా విషయము. వెల ఏమిటి, సలహా ఎవరైనా ఊరికే చెప్పుతారు గదా అని మీరు అనవచ్చును. నిజమే, ఊరికే చెప్పేవారికి మన పల్లెలలో కొదువ లేదు. కాని అట్టి సలహాలలో దేనికి నిజముగా వెల లేదో, దేని వెల మందు సీసాలో కలిసి ఉన్నదో తెలిసికొనుటే కష్టము.

మిరపలో ఆకుముడత సంగతి చూడండి. తోటలో ముడత కనుపించగానే రైతు నాలుగు ఆకులు త్రుంచి, జేబులో వేసికొని అంగడికి పోతాడు. అంగడి చేరేసరికి ఆ ఆకు వాడి, నలిగి, ఎటు ముడిచినదో దానికే తెలియని స్థితిలో ఉంటుంది. బల్లమీద పెట్టిన ఆ ఆకును చూచి అంగడివారు రెండు సీసాలు, ఒక పొట్లము ఇస్తారు. ఖాతాలో వ్రాసికొంటారు. ఇది మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలలో ప్రతి సాయంత్రము జరిగే తంతు.

ఆ ఆకును తోటలోనే, మొక్కమీద ఉండగానే చూచినట్లయితే చాలవరకు సంగతి తెలిసిపోతుంది. ఆకు అంచులు పైకి ముడుచుకొని దొప్పవలె ఉంటే తామర పురుగు పని. అంచులు కిందికి ముడుచుకొని తిరగవేసిన పడవవలె ఉండి, ఆకు కాడ సాగి పొడుగైనట్లయితే నల్లి పని. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, మొక్క మొత్తము గిడసబారి, పూత లేక నిలిచిపోయినట్లయితే అది తెల్లదోమ మోసికొని వచ్చే వైరస్ తెగులు. వీటిలో ఒకదాని మందు మరియొకదానికి పనికిరాదు. నల్లికి లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకము వాడుతాము. అది తామర పురుగుకు మందు కాదు. తామర పురుగు అనుకొని నల్లి ఉన్న తోటమీద పైరెథ్రాయిడ్ మందు కొట్టితే నల్లి తగ్గకపోగా ఇంకను పెరుగుతుంది. ఇక వైరస్ సోకిన మొక్కకు మందే లేదు. తొలి దశలో అట్టి మొక్కలను పీకి పాతిపెట్టవలెను, తక్కిన తోటలో తెల్లదోమను అదుపులో పెట్టవలెను.

"మందు లేదు" అన్న ఈ రెండు మాటలను గమనించండి. మందు అమ్మి బ్రతికే మనిషి ఈ మాట చెప్పుట కష్టము. నేను వర్తకులను నిందించుట లేదు. వారు మన ఊరివారే, మన బంధువులే. పంటకు అప్పు పుట్టని రోజులలో సరుకు అరువిచ్చి ఆదుకొనేదీ వారే. వారిలో నిజాయితీగా "ఈ వారము ఏమీ కొట్టవద్దు, పొండి" అని పంపేవారు నాకు తెలుసును. అయినను అప్పు ఇచ్చేవాడు, మందు అమ్మేవాడు, వైద్యము చెప్పేవాడు ముగ్గురూ ఒకరే అయినప్పుడు, వైద్యము ఎటు మొగ్గుతుందో ఊహించుటకు పెద్ద చదువు అక్కరలేదు. అమ్ముకొనుటకు ఏమీ లేనివాని నోటినుండి వచ్చే సలహాకు గల విలువ అక్కడే ఉన్నది. అతడు "అక్కరలేదు" అని చెప్పగలడు.

ఈ "అక్కరలేదు" వినపడక మన ప్రాంతము ఎంత నష్టపోయినదో పెద్దలు మరచి ఉండరు. 1980ల తొలి యేండ్లలో సింథటిక్ పైరెథ్రాయిడ్లు వచ్చినవి. మొదట అవి మంత్రము వేసినట్లే పని చేసినవి. ఒకరి చేనిలో పురుగు రాలుట చూచి ప్రక్కవారు కొట్టారు, వారిని చూచి మరి నలుగురు కొట్టారు. మందు వార్త గట్టు దాటినంత వేగముగా, ఆ మందు మిత్ర పురుగులను కూడ చంపుతుందన్న వార్త గట్టు దాటలేదు. 1980ల నడుమ తెల్లదోమ ప్రత్తి చేలను కమ్మినది. ఆకులమీద తేనె వంటి జిగురు కారి, దానిపై మసి పట్టి చేలు నల్లబడినవి. 1987-88లో శనగపచ్చ పురుగు విరుచుకుపడినది. పైరెథ్రాయిడ్లను తట్టుకొనే శక్తి దానికి వచ్చినదని తరువాత మన రాష్ట్రపు పురుగులమీద చేసిన పరీక్షలలోనే తేలినది. లొంగని పురుగుమీద అదే మందును మోతాదు పెంచి, మరియొకటి కలిపి, మరల మరల కొట్టారు. అప్పులు పెరిగినవి. ఆ ఏడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి రైతులు ప్రాణములు తీసికొన్నారు.

1922లో ఏర్పడిన లాం క్షేత్రము గుంటూరుకు కూతవేటు దూరములోనే ఉన్నది. తెల్లదోమను తట్టుకొనే కాంచన రకము, అనగా ఎల్.పి.ఎస్. 141, అక్కడినుండే వచ్చినది. శాస్త్రము మనకు దూరముగా లేదు. దానిని చేనిదాక తెచ్చే దారిలోనే లోటు ఉన్నది. అంగడి ప్రతి ఊరిలో ఉన్నది, ఉదయము ఆరు గంటలకే తలుపు తీస్తుంది. ఉచితముగా చెప్పేవారు అంత దగ్గరగా, అంత వేళకు దొరకకపోతే, వారి మాట ఎంత మంచిదైనా ప్రయోజనము లేదు.

దారి ఎట్లు వేయవలెనన్న ప్రశ్న మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలో కూడ ప్రత్తి పురుగే దానిని తెచ్చిపెట్టినది. మెక్సికోనుండి వచ్చిన కాయతొలుచు ముక్కుపురుగు 1890లనుండి టెక్సాసు రాష్ట్రపు ప్రత్తిని పాడుచేయసాగినది. సర్కారు తన క్షేత్రములలో మంచి పంట పండించి చూపినా రైతులకు నమ్మకము కలుగలేదు. సర్కారు పొలము, సర్కారు డబ్బు, పండక ఏమవుతుంది అన్నారు. 1903లో సీమన్ నాప్ అనే నిపుణుడు టెరెల్ అను ఊరి వద్ద మరియొక ఏర్పాటు చేశాడు. పోర్టర్ అనే రైతు సొంత పొలములో, ఆ రైతు చేతనే సేద్యము చేయించాడు. నష్టము వస్తే పూడ్చుటకు ఊరివారు ముందుగానే చందాలు పోగుచేశారు. ఆ యేడు పోర్టరుకు లాభమే వచ్చినది, చందా సొమ్ము ముట్టవలసిన పని లేకపోయినది. ఆ పద్ధతి ఊరూరా ప్రాకి, 1914లో విశ్వవిద్యాలయముల ద్వారా రైతులకు ఉచితముగా విద్య అందించే చట్టముగా స్థిరపడినది. మనము ఈనాడు విస్తరణ సేవ అని పిలిచేదానికి మూలములలో ఆ ప్రత్తి చేను ఒకటి. నాకు ఆ కథలో ముఖ్యముగా తోచేది ఆ చందా. నేర్చుకొనే రైతుమీద నష్టభారము ఒంటరిగా పడకుండ ఊరు పూచీ పడినది. మన ఊళ్ళలో కొత్త పద్ధతి పాటించి చూడుమని ఒక చిన్న రైతుకు చెప్పినప్పుడు ఆ పూచీ ఎవరు పడుతున్నారు?

ఉచిత విద్య అనగా ఒకరు చెప్పుట, తక్కినవారు వినుట అని మాత్రమే అనుకొనరాదు. 1989లో ఇండోనేషియాలో వరి రైతులకై మొదలైన పద్ధతి ఒకటి ఉన్నది. మన దగ్గర దానిని పొలంబడి అంటున్నాము. పాతిక, ముప్పది మంది రైతులు పైరు కాలము పొడుగునా వారమునకు ఒక ఉదయము ఒకే చేనిలో కలుస్తారు. జట్లుగా విడిపోయి మొక్కలను చూస్తారు. పచ్చదోమ ఎన్ని, తామర పురుగు ఎంత, శనగపచ్చ గ్రుడ్లు ఎన్ని అని లెక్కపెడతారు. వాటితోపాటు అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు ఎన్ని ఉన్నవో కూడ లెక్కపెడతారు. పెద్ద కాగితముమీద మొక్క బొమ్మ వేసి, ఒక ప్రక్క శత్రువులను, మరియొక ప్రక్క మిత్రులను వ్రాసి, ఈ వారము మందు అవసరమా కాదా అని వాదించుకొంటారు. ఆ వాదనే అసలు చదువు. బ్యానరు కట్టి, ఫోటో తీసికొని, టీ త్రాగి లేచిపోయేదానిని పొలంబడి అనరాదు. అట్టివి కూడ జరుగుతున్నవి కనుక చెప్పుచున్నాను. మీ ఊరిలో పొలంబడి పెట్టితే కాగితము మీరే పట్టుకొనండి, లెక్క మీరే పెట్టండి.

తెలిసినది నలుగురికి చెప్పితే మనకేమి లాభము అనేవారు ఉన్నారు. చేతిపనివారు తమ పనిలోని మెళకువ దాచుకొనుటలో అర్థము ఉండవచ్చును. రైతుకు ఆ అవసరము లేదు. మిరప ధర గుంటూరు యార్డులో ఎన్ని టిక్కీలు దిగినవో, దేశదేశములనుండి ఎంత గిరాకీ ఉన్నదో దానినిబట్టి నిర్ణయమవుతుంది. ప్రక్క చేనివానికి మీరు నల్లి గుర్తు చెప్పినంతమాత్రాన మీ కాయ ధర తగ్గదు. కొన్ని సంగతులలోనైతే దాచుకొన్న జ్ఞానము దాచుకొన్నవానికే పనికిరాకుండ పోతుంది.

ప్రత్తిలో గులాబీరంగు పురుగు అట్టిది. బీటీ ప్రత్తికి 2002లో అనుమతి వచ్చినది, రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చినది. కొన్నేండ్లకు గులాబీరంగు పురుగు రెంటికీ అలవాటుపడినది. ఇప్పుడు దీనిమీద పోరుకు లింగాకర్షక బుట్టలు పెట్టి రోజూ లెక్క చూచుకొనవలెను. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడినా, పూలలో గాని కాయలలో గాని నూటికి పది దెబ్బతిన్నా మందు ఆలోచించవలెను. అంతకు లోపు అక్కరలేదు. విచ్చుకొనక ముడుచుకొనిపోయిన గుడ్డిపూలను ఏరి నాశనము చేయవలెను. వీటన్నిటికంటె ముఖ్యమైనది పంటను డిసెంబరు, జనవరిలో ముగించి మోళ్ళు తీసివేయుట. ఈ సంగతి తెలిసిన రైతు తన చేను శుభ్రముగా ముగించినా, ఫర్లాంగు దూరములో మరియొకరు ఇంకొక తీత వస్తుందని మార్చివరకు ప్రత్తి ఉంచితే, ఆ మోళ్ళలోని పురుగు మరుసటి ఏట ఇద్దరి చేలకూ వస్తుంది. గట్లు మనకే గాని పురుగుకు లేవు. కనుక ప్రక్కవానికి చెప్పుట పుణ్యము కొరకు కాదు, మీ చేను కొరకే.

ఇట్టి విద్య ఎవరికి అందుట లేదో కూడ చెప్పవలెను. ఇక్కడ కూర్చున్నవారు చదువుకొన్న రైతులు. మీ చేతికి ఈ పత్రిక వస్తుంది, విశ్వవిద్యాలయము ఏటేటా వేసే వ్యవసాయ పంచాంగము దొరుకుతుంది. కాని మన మెట్టలలో మిరప వేసేవారిలో చాలమంది కౌలుదారులు. భూమి కాగితములు భూస్వామి పేర ఉంటవి, శిక్షణకు పిలుపు కూడ ఒక్కొక్కప్పుడు ఆ పేరునే వెదుక్కొంటూ పోతుంది. పంట నష్టము మాత్రము కౌలుదారుది. ఇక ఆడవారి సంగతి. కలుపు తీసేది, కాయ కోసేది, కల్లములో తాలు కాయ ఏరేది వారు. తోటలో పూలు రాలుట, కాయ వంకర తిరుగుట మొట్టమొదట కంటపడేది వారికే. సమావేశములలో వారికి కుర్చీ వేసినవారు అరుదు. ఈ రోజు వచ్చిన సోదరీమణుల సంఖ్య వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చును గదా!

ఈ లోటు తీర్చుటకు మన ప్రాంతమే ఒకప్పుడు దారి చూపినది. చీరాల ప్రక్కనున్న వేటపాలెములో 1918లో యువకులు సారస్వత నికేతనము స్థాపించారు. ఈనాటికీ దూరప్రాంతములనుండి పరిశోధకులు అక్కడికి వస్తుంటారు. 1935లో పాతూరి నాగభూషణము గారు తెనాలి ప్రాంతపు కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపించారు. పాఠకుడు పుస్తకము వద్దకు రాలేకపోతే పుస్తకమే రేవు వద్దకు వచ్చినది. చదువురానివారికి చదివి వినిపించుట ఆనాటి గ్రంథాలయములు తమ పనిగా భావించాయి. పంచాంగము ఊరికి ఒక్క ప్రతి ఉన్నా చాలును, వారమునకు ఒక సాయంకాలము ఆ వారపు పనుల పుట ఎవరైనా పైకి చదివితే. రైతు సేవా కేంద్రము అరుగు ఉన్నది, రచ్చబండ ఉన్నది. కౌలుదారును, కూలి మేస్త్రమ్మను పిలిచి కూర్చోబెట్టుటకు ప్రభుత్వపు ఉత్తర్వు అక్కరలేదు.

పడవకు బదులు ఇప్పుడు ఫోను వచ్చినది. వీడియోలు ఊరికే వస్తున్నవి, వాట్సాపులో సలహాలు రేయింబవళ్ళు తిరుగుతున్నవి. వీటిలో చక్కనివి ఉన్నవి. తోటి రైతు తన చేనిలో నిలుచుండి తన యాసలో చెప్పితే మనసుకు పట్టినట్లు శాస్త్రజ్ఞుడు చెప్పితే పట్టకపోవచ్చును. కాని 2021లో ఏమి జరిగినదో చూడండి. మిరప పూతమీద నల్ల తామర పురుగు పడినది. ఆకు ముడిచే పాత తామర పురుగు వేరు, ఇది వేరు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశములో 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిమీద మొదట గుర్తించారు. ఇది పూవు లోపల దాగి ఉంటుంది, మందు అక్కడికి సరిగా చేరదు. దాని జీవితములో కొంత కాలము నేలలో గడుస్తుంది, అక్కడికి అసలే చేరదు. పూత రాలిపోతుంటే దిక్కుతోచక రెండు మూడు రోజులకొకసారి మందు కొట్టినవారున్నారు, చివరకు తోట దున్నివేసినవారున్నారు. నత్రజని తగ్గించండి, నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి, ఘాటైన మందులు వరుసగా కొట్టి మిత్ర పురుగులను చంపుకొనవద్దు అని శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ మాట నెమ్మదిగా నడిచినది. మూడు మందులు, ఒక టానిక్కు కలిపిన మిశ్రమము మాత్రము ఒక్క రాత్రిలో జిల్లా దాటినది. దానిని పంపినవారిలో మోసగాండ్రు కొందరే. తక్కినవారు మంచి మనసుతోనే పంపారు. అయితే కొట్టిన మరుసటి నాటి బొమ్మ పంపినారు గాని, పదవ నాటి బొమ్మ పంపలేదు.

కనుక ఫోనులో సలహా వస్తే కొన్ని ప్రశ్నలు వేసికొనండి. అది నల్లరేగడిలోనా, ఎర్ర చెలకలోనా? నీటి వసతి ఉన్న తోటా, వానమీది పైరా? నాటి ఎన్ని రోజులైనది? మోతాదు లీటరుకా, ట్యాంకుకా, ఎకరాకా? మందు కొట్టని సాలు ఏదైనా వదలి పోల్చి చూచారా? పది రోజుల తరువాత ఏమైనది? చెప్పేవారికి ఆ సరుకు అమ్మకములో వాటా ఉన్నదా? వీటికి జవాబు లేని సలహా ఎంత ముచ్చటగా ఉన్నా మీ తోటమీద ప్రయోగించకండి. చూడవలెనని మనసు పడితే రెండు సాళ్ళలో చూడండి.

ఇవే ప్రశ్నలు మనము చెప్పేటప్పుడు కూడ వర్తిస్తవి. అందుకు ఒక నోటు పుస్తకము పెట్టుకొనుమని నా కోరిక. పెద్ద వ్రాతలు అక్కరలేదు. ఏ చెక్కలో ఏ రకము, నారు పోసిన తేదీ, నాటిన తేదీ, వాన పడిన రోజు, వేసిన ఎరువు, కొట్టిన మందు పేరు, ఎందుకు కొట్టినది, వారము తరువాత తోట ఎట్లున్నది, కోతకు ఎన్ని క్వింటాళ్ళు, యార్డులో ఏ ధర పలికినది, ఇంతే. పంట పోయిన పుట చింపివేయవద్దు. బాగా పండిన తోట కథలు ఊరూరా దొరుకుతవి. ఈ మందు ఈ తేదీన ఇట్లు కొట్టగా ఏమీ ప్రయోజనము కలుగలేదు అన్న వాక్యము ఎక్కడా దొరకదు, దానిని మించిన సహాయము ప్రక్కవానికి లేదు.

మీ వ్రాత ఊరిలోనే ఆగిపోతుందని అనుకొనవద్దు. విశ్వవిద్యాలయము కొత్త రకము విడుదల చేయుటకు ముందు మినికిట్ల రూపమున రైతుల పొలములకు ఇచ్చి చూస్తుంది. ప్రక్కన మీరు వేసే మామూలు రకముతో పోల్చి మీరిచ్చే లెక్కలు ఆ నిర్ణయములో చేరుతవి. మినికిట్ సంచి తీసికొని, కోతనాడు రెంటినీ ఒకే కల్లములో కలిపివేసిన రైతు తనకే గాక తన తరువాత ఆ విత్తనము కొనే వేలమందికి సమాచారము లేకుండ చేసినవాడవుతాడు. తూకము వేరుగా వేయండి.

అడుగుటకు కూడ ఈ పుస్తకము పనికివస్తుంది. కిసాన్ కాల్ సెంటరు 2004లో మొదలైనది. 1800-180-1551 నంబరుకు ఉదయము 6 గంటలనుండి రాత్రి 10 గంటలవరకు తెలుగులోనే మాట్లాడవచ్చును, ఖర్చు లేదు. "తోట బాగుండలేదు, ఏమి కొట్టమంటారు" అని అడిగితే అవతలివారు మాత్రము ఏమి చెప్పగలరు? పుస్తకము ముందు పెట్టుకొని, నాటి డెబ్బది రోజులైనది, నల్లరేగడి, ఆకు కిందికి ముడుచుకొన్నది, పోయిన వారము ఫలానా మందు కొట్టాను అని చెప్పండి. లాం వెళ్ళినా, దర్శి కృషి విజ్ఞాన కేంద్రమునకు వెళ్ళినా అదే పద్ధతి. జేబులో ఆకు కాకుండ, వీలైతే వేళ్ళతో సహా మొక్క తీసికొని, గోనెలో చుట్టి తీసికొనిపొండి.

ఆ పుస్తకము చివరి పుటలలో విత్తనపు పాకెట్టు మీది చీటీ, కొన్న బిల్లు అంటించి ఉంచండి. లాటు నంబరు కనుపించునట్లు అంటించండి. పాకెట్టులో పిడికెడు విత్తనము మిగిల్చి, తడి తగలకుండ పంట చేతికి వచ్చేవరకు దాచండి. మొలక రాకపోయినా, కాయ మరియొక రకముగా వచ్చినా, నష్టపరిహారము అడుగుటకు మొదట చూపమనేవి అవే. అరువు సరుకుకు బిల్లు ఇచ్చుట కొన్ని అంగళ్ళలో అలవాటు లేదు. అప్పు పెట్టినా బిల్లు అడిగి తీసికొనండి.